వందకో ప్యాకెట్

ఆ గురువారం ఉదయం లింగంపల్లిలో రైలెక్కేసరికే నతానియేల్ రోజంతటికీ ఒక చక్కని పథకం వేసుకున్నాడు. ఆఫీసుకు చేరగానే కంపెనీ కొత్త పెట్టెను ఒకసారి నడిపి చూడాలి. నాలుగింటికి వచ్చే డాక్టరు గారికి దాన్ని చూపించాలి. ఆవిడ మెచ్చుకుంటూ ఉంటే వినయంగా తల వంచుకుని నిలబడాలి. ఆ తర్వాత త్వరగా బయటపడి, సాయంత్రం ఇంట్లో జరిగే ప్రార్థన కూడికకు సమోసాలు పట్టుకెళ్లాలి. సమోసాల సంగతి అతని భార్య లీదియా గుమ్మంలోనూ చెప్పింది, మెట్ల మీదా చెప్పింది. ఆవిడ ఒక ఆస్పత్రిలో నర్సు. మందుల పేర్లన్నీ గుర్తుపెట్టుకునే ఆవిడకు మొగుడి జ్ఞాపకశక్తి మీద నమ్మకం పోయి చాలా కాలమైంది.

హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ ఏడో అంతస్తులో అతని ఆఫీసు. అక్కడ తయారయ్యే పెట్టె చూడటానికి టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. దాన్ని ఆపరేషన్ థియేటర్లో పెడితే, పైనున్న కెమెరా తీసే దృశ్యాన్ని అప్పటికప్పుడు వైద్య విద్యార్థులు కూర్చున్న హాలుకు పంపుతుంది. దృశ్యం ఒక్కసారిగా వెళ్లదు. వేల ముక్కలై తీగ వెంట పరుగెత్తుతుంది. ఆ ముక్కలనే ప్యాకెట్లంటారు. పెట్టె లోపలి బోర్డు ఉదయశ్రీది. ఆ బోర్డు మీద నడిచే సాఫ్ట్‌వేర్ నతానియేల్‌ది.

ఉదయశ్రీది తెల్లాపూర్. అక్కడ గేట్లూ క్లబ్ హౌసులూ లేనినాటి నుంచీ ఉన్న కుటుంబం. ఆ బోర్డును ఆవిడ రెండేళ్లు కూర్చుని గీసింది. పైవాళ్లకు మాత్రం దాని మీద మొదటి నుంచీ అంత మోజు లేదు. బయట తయారుగా దొరికే బోర్డు కొంటే పోలేదా అని వాళ్ల వాదన. చివరికి ఒక మాట అనుకున్నారు: ఈ పెట్టెను కొనాలనుకుంటున్న ఆస్పత్రి సర్జన్ డాక్టర్ ప్రియదర్శిని గురువారం వచ్చి చూసి సరేనంటే ఉదయశ్రీ బోర్డు ఉంటుంది, లేదంటే అది అల్మారాలోకి వెళ్తుంది. దానితోపాటు ఆవిడ ఎక్కడికి వెళ్తుందో ఎవరూ చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

నడిపి చూసే ఏర్పాట్లన్నీ మేనేజర్ రంగనాథ్ స్వయంగా చేశాడు. ఆయన కూకట్‌పల్లిలో ఉంటాడు, ఏ పనైనా కొబ్బరికాయ కొట్టకుండా మొదలుపెట్టడు. కొబ్బరికాయ అయ్యాక రోగి స్థానంలో ఒక దోసకాయను పడుకోబెట్టారు. రంగనాథ్ చేతులకు తొడుగులు వేసుకుని, కూరగాయల కత్తి పట్టుకుని, కెమెరా కింద సర్జన్ అయ్యాడు. తెర మీద దోసకాయ బ్రహ్మాండంగా కనిపించింది. ఆయన చెయ్యి మాత్రం కదిలినప్పుడల్లా గళ్లుగళ్లుగా విడిపోయి, వేళ్లు ఒకచోట, కత్తి ఇంకొకచోట తేలాయి.

"ఇదేంటయ్యా, నా చెయ్యి ఇలా ముక్కలైపోతోంది?" అన్నాడు రంగనాథ్.

నతానియేల్ లెక్క తీశాడు. ఇటు నుంచి బయల్దేరిన ప్యాకెట్లు ఎన్ని, అటు చేరినవి ఎన్ని అని చూస్తే, వందకు ఒకటి చొప్పున దారిలో మాయమవుతోంది. మళ్లీ తీశాడు. మళ్లీ అంతే.

ఆ అంతస్తులో ఒక ఆచారం ఉంది. ఏదైనా చెడిపోతే సాఫ్ట్‌వేర్ వాళ్లు హార్డ్‌వేర్ అంటారు, హార్డ్‌వేర్ వాళ్లు సాఫ్ట్‌వేర్ అంటారు. ఈ మర్యాదలు కాసేపు నడిచాక ఇద్దరూ కలిసి కేబుల్‌ను తిడతారు. కేబుల్‌కు నోరు లేదు, ఏడాది చివర జీతం పెంచమని అడగదు, కాబట్టి పడుతుంది. ఆ రోజూ కేబుల్ మార్చారు. వందకో ప్యాకెట్ పోతూనే ఉంది. తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టెను మార్చారు. అదే వరస.

"చూశారా సర్, ఎంత నిలకడగా పోతోందో! ఇది హార్డ్‌వేరే," అన్నాడు నతానియేల్.

"హార్డ్‌వేర్ గింత క్రమశిక్షణతోని చెడిపోదు," అంది ఉదయశ్రీ. "చెడిపోతే అడ్డదిడ్డంగ చెడిపోతది. నెట్‌వర్క్ చిప్ లెక్క జూడు, ఒక్క తప్పు గూడ లేదని చూపిస్తుంది."

"ఆ లెక్క చెప్పేది కూడా హార్డ్‌వేరే కదా. తన తప్పు తనెలా చెప్పుకుంటుంది?"

ఈ జవాబు నతానియేల్‌కే చాలా నచ్చింది. నచ్చినవాడు అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. సీట్లో కూర్చుని ఒక మెయిల్ రాశాడు. బోర్డు మీది నెట్‌వర్క్ చిప్ లోపమే ప్రధాన కారణమని తేల్చాడు. ఊరికే ఒక్క కారణమే రాస్తే విజ్ఞానం తక్కువగా కనిపిస్తుందేమోనని, చుట్టుపక్కల విద్యుత్ పరికరాల నుంచి వచ్చే అలజడి కూడా తోసిపుచ్చలేమని జోడించాడు. దాన్ని రంగనాథ్‌కు పంపుతూ, పైవాళ్లందరికీ ఒక్కో ప్రతి వెళ్లేలా చూశాడు. పంపాక కాళ్లు చాపుకుని ఒక్క నిమిషం సంతోషంగా కూర్చున్నాడు.

రంగనాథ్ మెయిల్‌ను ఎప్పుడూ సగం చదవడు. చివరిదాకా చదివి, అందులో ఉన్నదంతా అమలు చేస్తాడు. ముందుగా ఆ అంతస్తు ఏసీ ఆపించాడు. చుట్టూ అద్దాలు, బయట ఏప్రిల్ ఎండ. కాసేపటికి అందరూ మెడలో వేలాడే గుర్తింపు కార్డులతో విసురుకోవడం మొదలుపెట్టారు. ప్యాకెట్లు పోతూనే ఉన్నాయి. తర్వాత ఆయన కన్ను లిఫ్ట్ మీద పడింది. దాని మోటారు సరిగ్గా ప్రయోగశాల గోడ వెనకే ఉంది. భవనం వాళ్లతో పోట్లాడి దాన్నీ ఆపించాడు.

"సర్, లిఫ్ట్ దాకా ఎందుకండీ," అన్నాడు నతానియేల్, మెట్లెక్కి వస్తున్న వాళ్ల ముఖాలు చూసి భయపడి.

"నువ్వే రాశావు కదయ్యా, చుట్టుపక్కల కరెంటు అలజడి అని! నువ్వు రాసింది నేను నమ్మకపోతే ఎవరు నమ్ముతారు?"

ఇక మిగిలింది పాంట్రీ. అక్కడ అందరికీ చాయ్ పోసిచ్చే చంద్రమ్మ మిషన్ పొద్దుటి నుంచీ బుసలు కొడుతూ ఉంటుంది. ఆ అంతస్తు మొత్తాన్ని నడిపేది నిజానికి ఆ మిషనే. రంగనాథ్ వెళ్లి దాని ప్లగ్గు పీకాడు.

"ఏందిది సారూ?" అని లేచింది చంద్రమ్మ. "నా చాయ మిషన్ మీ డబ్బా జోలికి ఎన్నడన్న వచ్చిందా? అది ఆడ, ఇది ఈడ! గిట్ల పీకుతే ఇగ పోరగాండ్లందరూ నన్ను తింటరు."

"జర ఓపిక పట్టమ్మా. నతానియేల్ సార్ చెప్పాడు."

చంద్రమ్మ నతానియేల్ వంక చూసింది. చాయ్ లేదన్న వార్తతోపాటు, కారణం ఎవరన్నదీ అంతస్తంతా తిరిగింది. పనిచేసుకుంటున్న వాళ్లు తలలెత్తి ఒకసారి అతన్ని చూసి, మళ్లీ తలలు దించుకున్నారు. ఇంతచేసినా వందకో ప్యాకెట్ తన లెక్క తప్పలేదు. ఇక మెయిల్‌లో రాసినవాటిలో తేలనిది ఒక్క చిప్పే.

భోజనాల వేళ దాటాక లీదియా ఫోన్ చేసింది.

"ఏవండీ, సమోసాలు ఉల్లిపాయవి కాదు, ఆలువి తీసుకోండి. అదేంటి, గొంతు అలా ఉంది?"

"పనిలో తలనొప్పి. బోర్డు వందలో ఒక ప్యాకెట్ పారేస్తోంది. ఎందుకో ఎవరికీ అంతుబట్టడం లేదు. ఏసీ ఆపాం, లిఫ్ట్ ఆపాం."

"వందలో ఒకటా? మొన్న ఆదివారం మీరు చెప్పింది కూడా అదే కదండీ?"

"నేనేం చెప్పాను?"

"అన్నం తింటూ చెప్పారుగా. వందలో ఒక ప్యాకెట్ కావాలనే పారేయిస్తున్నా, అయినా బొమ్మ చెక్కుచెదరడం లేదు, నా సాఫ్ట్‌వేర్ అంత గొప్పది అని. చారు పొయ్యనా అంటే కూడా వినిపించుకోకుండా అదే చెప్పారు. మరి అది ఆపేశారా?"

నతానియేల్ కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చున్నాడు.

"ఏవండీ? ఉన్నారా?"

"ఉన్నాను," అన్నాడు అతను. ఆ క్షణంలో ఎక్కడా ఉండాలని లేకపోయినా.

అతను రాసిన సాఫ్ట్‌వేర్ చేయాల్సిన ముఖ్యమైన పని, దారిలో పోయిన ప్యాకెట్లను వెంటనే మళ్లీ అడిగి తెప్పించుకోవడం. అది చేస్తోందో లేదో చూడాలంటే ప్యాకెట్లు పోవాలి. వాటంతట అవి పోవు కాబట్టి, వందకొకటి పారేయమని బోర్డుకు తనే ఒక ఆజ్ఞ ఇచ్చాడు. ప్రతిసారీ ఆ ఆజ్ఞ టైపు చేయడానికి బద్ధకమేసి, బోర్డు వెలిగినప్పుడల్లా అదే అమలయ్యేలా ఒక వరుస కోడ్ రాసి పెట్టాడు. పరీక్ష నెగ్గింది. ఆ సంతోషంలో వరుస సంగతి మరిచిపోయాడు. పొద్దుటి నుంచీ ఆ బోర్డు చేస్తున్న తప్పల్లా, అతను చెప్పిన మాట వినడం.

అతనికి ముందు చెవులు కాలాయి, తర్వాత ముఖమంతా కాలింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో పొరపాట్లు చేశాడు గాని, తన పొరపాటును ఇంకొకరి మీద రుద్ది, దానికి పైవాళ్లందరినీ సాక్షులుగా పిలవడం ఇదే మొదటిసారి. సిగ్గుతో పాటు ఒక చిన్న ఆశ కూడా పుట్టింది. ఆ ఒక్క వరుస గుట్టుగా చెరిపేస్తే చాలు. తెర బాగుపడుతుంది, ఉదయశ్రీ బోర్డు బతుకుతుంది, ఏమైందో ఎవరికీ తెలియదు. నలుగురికీ మేలు జరిగే చోట నిజం ఎందుకు అడ్డం రావాలి అని తనకు తాను నచ్చజెప్పుకుంటూ ప్రయోగశాల వైపు పరుగెత్తాడు.

బోర్డుకు కరెంటు లేదు. అది పెట్టెలోంచి బయటికొచ్చి ఉదయశ్రీ బల్ల మీద, భూతద్దం కింద పడుకుని ఉంది. ఆవిడ చేతిలో వేడిగాలి యంత్రం ఉంది. అతుకు కరిగించి చిప్ ఊడదీసే సాధనం అది. పక్కనే రంగనాథ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు నతానియేల్.

"చిప్ మారుస్తున్న. నువ్వే రాసినవు గదా చిప్ అని," అంది ఉదయశ్రీ, తలెత్తకుండా. "నాకైతే నమ్మకం లేదు. గని నాలుగింటికి మేడమ్ వస్తది. వేరే దారి ఏముంది? పీకుతుంటే కింద రాగి గీత లేచిపోతే బోర్డే పోతది. పనిచేసేది గిదొక్కటే."

ఆవిడ పొద్దుటి నుంచీ ఏమీ తిన్నట్టు లేదు. యంత్రం మీట నొక్కింది. నతానియేల్ గొంతులోకి నిజం వచ్చింది. రంగనాథ్ కళ్లజోడులోంచి సూటిగా అతని వంకే చూస్తున్నాడు. నిజం మళ్లీ కిందికి వెళ్లిపోయింది. దాని స్థానంలో ఇంకేదో బయటికొచ్చింది.

"ఆగు! ఇప్పుడు వద్దు. ఇప్పుడు... రాహుకాలం!"

ఉదయశ్రీ మీట వదిలేసింది. ప్రతి క్రిస్మస్‌కూ తన చేత్తో చేసిన కేకు పంచి, కీర్తనలు పాడే మనిషి నోట వచ్చిన మాట అది.

"నీకెప్పటి సందిరా రాహుకాలం?" అంది ఉదయశ్రీ. ఆవిడ అతన్ని 'రా' అనడం అదే మొదటిసారి.

రంగనాథ్ మాత్రం గబగబా ఫోన్‌లో పంచాంగం తెరిచాడు. చూసి లెంపలు వేసుకున్నాడు. "అయ్యయ్యో, నిజమేనండీ! గురువారం ఒకటిన్నర నుంచి మూడింటి దాకా. పట్టింపు లేని వాడికి తట్టింది, నాకు తట్టలేదు. మనం ఎంత దిగజారిపోయామో చూడండి!" అంటూ బోర్డును రెండు చేతులా ఎత్తుకుని తన గదిలో పెట్టి తాళం వేశాడు. "మూడయ్యేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు."

"సర్, ఈలోగా సాఫ్ట్‌వేర్ వైపు నుంచి ఒక్కసారి చూస్తానండీ," అన్నాడు నతానియేల్, అద్దం తలుపుకు దాదాపు అతుక్కుపోయి.

"నువ్వే కదయ్యా వద్దన్నావు?"

"రాహుకాలం సాఫ్ట్‌వేర్‌కి వర్తించదేమోనండీ."

"ఎందుకు వర్తించదు? అది మాత్రం భూమ్మీద నడవడం లేదా?"

అద్దం అవతల బోర్డు కనిపిస్తూనే ఉంది, రంగనాథ్ పూలదండ వేసిన దేవుడి పటం ముందు, అక్షింతల గిన్నె పక్కన. నతానియేల్ ఆ తలుపు ముందు అటూ ఇటూ తిరిగాడు. ఈలోగా అతని మెయిల్ ఊరికే కూర్చోలేదు. దాన్ని చదివిన పైవాళ్లు, ఇక లాభం లేదనుకుని, బయటి బోర్డు అమ్మే కంపెనీ ప్రతినిధిని పిలిపించారు. ఆయన పెద్ద సంచీతో వచ్చి కింద లాబీలో కూర్చున్నాడని కబురొచ్చింది. డాక్టరు గారి ఎదుట దృశ్యం కాస్త చెదిరితే చాలు, ఆయన్ను పైకి పిలుస్తారు.

నతానియేల్‌కు దాహమేసింది. పాంట్రీ దగ్గరికి వెళ్లాడు గాని లోపలికి అడుగు పెట్టలేకపోయాడు. ఉదయశ్రీ స్టూలు మీద కూర్చుని ఉంది. చాయ్ లేదు కాబట్టి చంద్రమ్మ ఆవిడకు మంచినీళ్లిచ్చింది.

"రెండేండ్లు, చంద్రమ్మా," అంటోంది ఉదయశ్రీ. "నా అరచేతిల గీతల కంటే ఆ బోర్డు మీది గీతలే నాకు ఎక్కువ ఎరుక. ఏడ తప్పు చేసిన్నో సమజైతలేదు. పొద్దటి సంది ఒక్కొక్క గీత యాద్ చేసుకుంటున్న. నాదే తప్పేమో అనిపిస్తుందిప్పుడు."

"ఫికర్ జెయ్యకు బిడ్డా. ఆ నతానియేల్ సారు మంచోడే. ఊకెనే ఎవరి మీదా రాసేటోడు గాదు. ఏదో ఉండే రాసి ఉంటడు."

చంద్రమ్మ తిట్టి ఉంటే నతానియేల్ అక్కడి నుంచి వెళ్లిపోయేవాడు. మంచివాడన్నాక వెళ్లడం కష్టమైంది. పైగా, ఏ లోపమూ లేని పనిలో ఆవిడ తన లోపం వెతుక్కుంటోంది. అది వినలేకపోయాడు. లోపలికి వచ్చి నిలబడ్డాడు.

"ఉదయశ్రీ, తప్పు నీది కాదు. బోర్డుది కూడా కాదు. ప్యాకెట్లు పారేయమని నేనే చెప్పాను దానికి. పరీక్ష కోసం. తీసేయడం మర్చిపోయాను."

చంద్రమ్మ చేతిలో చెంబు అలాగే ఆగింది. ఉదయశ్రీ నీళ్ల గ్లాసు పక్కన పెట్టింది. అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అంది నెమ్మదిగా.

"ఇందాకే. భోజనం తర్వాత."

"అంటే నేను చిప్ పీకబోయేటప్పుడు తెలుసు."

"తెలుసు."

"రాహుకాలం?"

"అబద్ధం చెప్పాను. నోటికొచ్చింది చెప్పాను."

"నాకైతే నిజంగనే నడిచింది," అని ఆవిడ లేచింది. "నడువు. నాకు చెప్పుడు కాదు. సార్‌కు చెప్పు."

ముగ్గురూ రంగనాథ్ దగ్గరికి వెళ్లారు. తనను ఎవరూ పిలవకపోయినా చంద్రమ్మ వెనకే వచ్చింది. తన మిషన్ పరువు ఇందులో ఉంది మరి. నతానియేల్ చెప్పాల్సిందంతా చెప్పాడు. రంగనాథ్ తాళం వేసిన తన గది ముందు వేసుకున్న కుర్చీలో వెనక్కి వాలి, నష్టాన్ని ఒక్కొక్కటిగా అంచనా వేయసాగాడు.

"అయితే ఏసీ?"

"ఏసీ ఏమీ చేయలేదు సర్."

"మరి లిఫ్ట్? ఆ లిఫ్ట్ కోసం వాళ్లతో ఎన్ని మాటలు పడ్డాను!"

"లిఫ్ట్ కూడా ఏమీ చేయలేదు సర్."

"చాయ్ మిషన్?"

"చాయ ఏం జేయలె సారూ," అంది చంద్రమ్మ వెనక నుంచి. "నేను అప్పుడే చెప్పిన."

రంగనాథ్ తిట్టడానికి నోరు తెరిచాడు గాని, గడియారంలో మూడు దాటడం చూసి మూసేశాడు. తాళం తీశారు. బోర్డును పెట్టెలో బిగించి కరెంటు ఇచ్చారు. అందరూ చూస్తుండగా నతానియేల్ తన వరుసను తానే చెరిపేశాడు. రంగనాథ్ తొడుగులు వేసుకుని దోసకాయ మీద కత్తి ఆడించాడు. ఈసారి ఆయన చేతి మీది వెంట్రుకలు కూడా తెర మీద కనిపించాయి. ఉదయశ్రీ కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో ముఖం కప్పుకుని, గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి విని నతానియేల్‌కు కొత్తగా మళ్లీ సిగ్గేసింది.

చాయ్ మిషన్ కూడా వెంటనే బుస కొట్టింది. ఏసీ వచ్చింది. ఈ హడావుడిలో లిఫ్ట్ సంగతి అందరూ మరిచారు. అందువల్ల డాక్టర్ ప్రియదర్శిని ఏడంతస్తులూ మెట్లెక్కి వచ్చారు. గుమ్మంలో నిలబడి, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఊపిరి అందుకునేదాకా ఎవరి నమస్కారానికీ బదులివ్వలేదు.

పరికరం మాత్రం ఆవిడకు నచ్చింది. తెర దగ్గరికి వచ్చి చూశారు, దూరం వెళ్లి చూశారు. పైవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని తలలూపారు. ఉదయశ్రీ ముఖంలో మొదటిసారి రంగు వచ్చింది.

"బాగుందండీ," అన్నారు డాక్టరు గారు. "ఒక్కటే అనుమానం. మా బిల్డింగ్ పాతది, నెట్‌వర్కూ పాతదే. దారిలో ఏవో ప్యాకెట్లు పోతుంటాయని మా వాళ్లు రోజూ ఏడుస్తుంటారు. అలా పోయినా మీ బొమ్మ చెదరదని మీ కాగితాల్లో రాశారు. అది చూపించగలరా?"

"చూపించగలమా అనా!" అన్నాడు రంగనాథ్, పొద్దుటి నుంచి దొరకని గర్వకారణం దొరికి. "మా నతానియేల్ దానికి ప్రత్యేకంగా ఒక ఏర్పాటే చేశాడండీ. వందకు ఒకటి పక్కాగా పారేస్తుంది. పెట్టవయ్యా, పెట్టు."

నతానియేల్ చెరిపిన వరుసను మళ్లీ టైపు చేశాడు. ఈసారి ఆ పని బహిరంగంగా, నలుగురి మెప్పుతో చేస్తున్నందుకు కాస్త ఊరటగా కూడా అనిపించింది. డాక్టరు గారు తొడుగులు వేసుకుని, కత్తి తానే తీసుకుని, అలవాటైన చేత్తో దోసకాయను నిలువునా కోశారు.

తెర మీద ఆవిడ చెయ్యి గళ్లుగళ్లుగా విడిపోయింది. వేళ్లు ఒకచోట, కత్తి ఇంకొకచోట తేలాయి.

అప్పటికి గాని ఎవరికీ తట్టలేదు. నతానియేల్‌కు అందరికంటే ఆఖరున తట్టింది. పొద్దుట ప్యాకెట్లు పోవడం లోపమే కాదు. పోయినా తెర చెదరకూడదు. అది చూసుకోవడానికే అతనికి జీతమిస్తున్నారు. పొద్దుటి నుంచీ బోర్డును, కేబుల్‌ను, ఏసీని, లిఫ్ట్‌ను, చంద్రమ్మ మిషన్‌ను అనుమానించి, అసలు చెడిపోయిన ఒకే ఒక్క వస్తువును ఎవరూ పలకరించలేదు.

"పోయిన ప్యాకెట్లను తెప్పించుకునే పని ఇందులో దేనిది?" అని అడిగారు డాక్టరు గారు.

హార్డ్‌వేర్ అని ఎవరూ అనలేదు. సాఫ్ట్‌వేర్ అని కూడా ఎవరూ అనలేదు. అనకుండా అందరూ ఒకవైపే చూశారు.

"నా సాఫ్ట్‌వేర్‌దేనండీ," అన్నాడు నతానియేల్.

"ముందు పరీక్షించలేదా?"

"పరీక్షించానండీ. అప్పుడు బొమ్మ ఏమాత్రం చెదరలేదు."

"కెమెరా దేనిమీద పెట్టి చూశారు?"

నతానియేల్ గొంతు సగానికి తగ్గింది. "నా బల్ల మీది నీళ్ల సీసా మీదండీ."

"అది కదిలిందా?"

"లేదండీ."

కదలని సీసాలో ఏ ముక్క పోయినా, తెర మీద మిగిలిపోయే దాని పాత ముక్క అచ్చంగా అలాగే ఉంటుంది. లోపం కనిపించే దారే లేదు. ఇది చంటిపిల్లలకు కూడా తెలిసేటంత సులువుగా అతనికి ఆ క్షణంలో తెలిసింది.

"మా దగ్గర పేషెంటు కదలడు బాబూ," అన్నారు డాక్టరు గారు జాలిగా. "డాక్టరు కదలాలి."

తొడుగులు విప్పుతూ ఆవిడ తన నిర్ణయం చెప్పారు. బోర్డు చక్కగా ఉంది, దాన్ని మార్చవద్దు. సాఫ్ట్‌వేర్ మాత్రం కుదురుకునేదాకా ఇంకెవరిదైనా వాడండి. ఆ మాట అంటూ, మెట్ల మొదట్లో లాబీలో కూర్చున్న ఆయనతో కాసేపు మాట్లాడానని, ఆయన కంపెనీ సాఫ్ట్‌వేర్ కూడా అమ్ముతుందట కదా అని అడిగారు.

రంగనాథ్ ఫోన్ చేశాడు. ఉదయశ్రీ బోర్డును తీయించడానికి వచ్చినాయన, పెద్ద సంచీ మోసుకుని ఏడంతస్తులూ ఎక్కి, నతానియేల్ సాఫ్ట్‌వేర్ స్థానంలోకి వచ్చాడు. ఆయన్ను పిలిపించిన మెయిల్ నతానియేల్‌దే.

అందరూ వెళ్లాక అతను పాంట్రీలో ఒక మూల నిలబడ్డాడు. చంద్రమ్మ చాయ్ పోసిచ్చింది. ఉదయశ్రీ వచ్చి తన కప్పు తీసుకుంది.

"సిగ్గయితుందా?" అంది.

"చాలా అవుతోంది."

"కానియ్యి. నేను అడ్డం రాను." రెండు గుక్కలు తాగాక ఆవిడే మళ్లీ అంది: "రేపు పొద్దుగాల నీ సాఫ్ట్‌వేర్ పట్టుకుని నా బల్ల కాడికి రా. కెమెరా ముందట నేను చేతులాడిస్త. ఏడ పోతున్నయో ఇద్దరం చూద్దాం. ముందుగాల మాత్రం ఆ మెయిల్ సంగతి తేల్చు."

అతను తల ఊపడానికి కూడా మొహం చెల్లక కప్పులోకి చూశాడు. ఆవిడ అలా పిలవడం కంటే తన మీద ఇంకో మెయిల్ రాసి పైవాళ్లకు పంపి ఉంటే తేలికగా ఉండేది. సీటుకు వెళ్లి, పొద్దుట ఎవరెవరికి పంపాడో వాళ్లందరికీ, ఒక్కరినీ వదలకుండా, రెండే వాక్యాలు రాశాడు. బోర్డులో ఏ లోపమూ లేదు. తప్పు నాది, తెలిశాక కూడా కాసేపు దాచాను. ఈసారి కారణాలేవీ జోడించలేదు. పంపాక కాళ్లు చాపుకోలేదు. సమోసాలు ఆలువా ఉల్లిపాయవా అన్నది ఎంత ఆలోచించినా గుర్తు రాక, లీదియాకు ఫోన్ చేయడానికి ధైర్యం చాలక, రెండు రకాలూ కొనుక్కుని రైలెక్కాడు.

ఆ మెయిల్‌ను రంగనాథ్ చివరిదాకా చదివాడు. మర్నాటి నుంచి కంపెనీలో ఎవరు ఏ పొరపాటు చేసినా, వెళ్లి తప్పు ఒప్పుకుని రావడానికి నతానియేల్‌నే పంపుతున్నారు, అనుభవం ఉన్నవాడని.